తల్లిచెట్టు, పిలకలు

ఆంగ్లదేశపు ప్రసార సంస్థయైన బి. బి. సి. 1963 నవంబరు 23 వ తేదీన ఆరంభించిన 'డాక్టర్ హూ' అను వైజ్ఞానిక కల్పనా కథావళి అరువది యేండ్లు దాటి నడచుచున్నది. నడచుచున్నదనుట కంటె నిలిచియున్నదనుట మేలేమో. 2025 మే 31 తో ఆ సంవత్సరపు భాగములు ముగిసినవి. 2023 నుండి దానికి తోడుగా నిలిచి పెట్టుబడి పెట్టిన అమెరికా దేశపు డిస్నీ సంస్థ ఇకమీదట ఆ పొత్తులో నుండదని అదే సంవత్సరము అక్టోబరులో వెల్లడియైనది. 2026 క్రిస్మస్ పండుగకు ఒక కథ వచ్చునని మాత్రము బి. బి. సి. మాట యిచ్చినది. ఈ నడుమ, 2025 డిసెంబరులో, 'ది వార్ బిట్వీన్ ది లాండ్ అండ్ ది సీ' యను ఐదు భాగముల శాఖాకథ యొకటి ప్రసారమైనది. అందు కథానాయకుడైన డాక్టరు నాయకుడుగా లేడు. ఆయన లోకము, ఆయన మిత్రులు, 1972 లో మొదటిసారి కానవచ్చిన సముద్రజీవులు మాత్రమే కలరు.

ఇట్టి శాఖాకథ వెలువడినప్పుడెల్ల అభిమానులలో రెండు ప్రశ్నలు పుట్టుచుండును. కథ బాగున్నదా యనునది ఒకటి. అది అసలు కథావళిలో లెక్కకు వచ్చునా, రాదా యనునది రెండవది. మొదటి ప్రశ్న సహజమైనది. రెండవ ప్రశ్న సహజమువలె కనబడును గాని, దాని కడుపులో వేరొక ప్రశ్న దాగియున్నది: కథకు ప్రామాణ్యము నొసగువారెవరు? ముద్రాధికారము గల యజమానియా, చదివి విని నిలుపుకొన్న జనమా? ఈ కథావళి చరిత్రను చూచినచో సమాధానము యజమానికి అనుకూలముగా లేదని మాకు తోచుచున్నది. అభిమానులే ఆ సంగతి మరచి, తమ చేతిలోని తీర్పును తామే యజమాని గుమ్మము కడకు మోసికొనిపోవుచుండుట చూచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ కథావళి నెరుగని పాఠకులకు దాని స్వరూపము కొంత చెప్పవలసియున్నది. డాక్టరు అనునతడు పరలోకవాసి. ఆంగ్లదేశపు వీథులలో పూర్వము నిలిపియుంచిన నీలిరంగు పోలీసుపెట్టె రూపమున నున్న వాహనములో కాలమునందును ఆకాశమునందును సంచరించును. మొదట ఆ పాత్రను ధరించిన విలియం హార్ట్‌నెల్ అనారోగ్యమువలన 1966 లో విరమింపగా, కథను ఆపుటకు మారుగా కథానాయకుని శరీరమునే మార్చివేసిరి. పాట్రిక్ ట్రౌటన్ ఆ స్థానమునకు వచ్చెను. పరకాయ ప్రవేశము విన్న మనకిది వింత గాదు. కాని ఈ యొక్క యుపాయముతో కథావళికి చావు లేకుండ పోయినది. మొట్టమొదటి కథకు దర్శకత్వము వహించినవాడు లక్నో నగరమున జన్మించిన వారిస్ హుస్సేన్. అప్పటికాతనికి ఇరువదినాలుగేండ్లు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ సయితము ఇరువదియేడేండ్ల యువతి. బి. బి. సి. పెద్దలు ఈ యిరువురిని చూచి పెదవి విరిచిరట. పుట్టుకయందే అంచున నుండిన కథకు అంచుల నుండియే బలము వచ్చుట తరువాతి చరిత్ర.

శాఖాకథలు అంత సులభముగా మొలచుటకు ఇంకొక కారణము కలదు. అది వ్యవహార సంబంధమైనది. ఆ కాలమున బి. బి. సి. కి కథలు వ్రాసి యిచ్చిన స్వతంత్ర రచయితలు తాము సృజించిన పాత్రలమీద, భూతములమీద హక్కును తమకడ నుంచుకొనెడివారు. డాక్టరు బి. బి. సి. సొత్తు; డాలెక్కులను ఇనుపకవచపు రాక్షసులు వానిని సృజించిన టెర్రీ నేషన్‌కు కూడ చెందును. కె-9 అను యంత్రపు కుక్క దాని రచయితలది. కావుననే బాబ్ బేకర్ తన కుక్కను వెంటబెట్టుకొని పోయి 2009 - 2010 లో ఆస్ట్రేలియాలో ఇరువదియారు భాగముల కథను నడపగలిగెను. అందు డాక్టరు పేరెత్తుటకు వీలు లేకపోయినది. ఒక యింటి భూమిలో ఒక్కొక్క చెట్టు ఒక్కొక్కరి పేర నున్నట్లు ఈ కథాలోకము సృష్టింపబడినది. భూమి కామందుది, మామిడిచెట్టు నాటినవానిది. ఇట్టి పట్టాల చిక్కు మన పాఠకులకు వివరింప నక్కరలేదు.

బి. బి. సి. తానై తలపెట్టిన మొదటి శాఖాకథ ఆ కుక్కదే. 1981 డిసెంబరు 28 న 'కె-9 అండ్ కంపెనీ' ప్రసారమైనది. ఎనుబదినాలుగు లక్షలమంది చూచిరి. దాని ఆరంభగీతమును అభిమానులు నేటికిని పరిహసింతురు. కథ కొనసాగలేదు. అందుండి నేర్చుకొనదగినది స్వల్పము.

నేర్చుకొనదగినది 1989 తరువాత నున్నది. ఆ యేడు డిసెంబరు 6 న ఇరువదియారవ సంవత్సరపు కడపటి భాగము ప్రసారమైనది. కథావళిని రద్దు చేసితిమని బి. బి. సి. స్పష్టముగా చెప్పలేదు, మరల ఆరంభింతుమనియు చెప్పలేదు. యజమాని తాళము వేసి తాళపుచెవిని ఎచ్చట పెట్టెనో తానే మరచినట్లుండినది. అరటితోట గలవారు ఎరుగుదురు: గెల కోసిన పిమ్మట తల్లిబోదెను నరికివేయుదురు, తోటను నిలబెట్టునది ప్రక్కన లేచిన పిలక. ఇచ్చటను అట్లే జరిగినది.

టెలివిజను కథలను చిన్న పుస్తకములుగా అచ్చువేయుచుండిన ప్రచురణకర్తలకు అచ్చువేయుటకు కథలు మిగులలేదు. వర్జిన్ సంస్థలో సంపాదకుడుగా నున్న పీటర్ డార్విల్ ఎవాన్స్ క్రొత్త నవలలు వ్రాయించుటకు అనుజ్ఞ పొందెను. 1991 జూనులో మొదటి నవల వెలువడినది. 1997 వరకు అరువదియొక్కటి వచ్చినవి. ఆయన చేసిన గొప్పపని యేదన, పేరు ప్రతిష్ఠలు లేనివారి వ్రాతప్రతులను సయితము చదువుదుమని ప్రకటించుట. అంతవరకు అభిమానులు తమలో తాము అచ్చువేసికొను చిన్నపత్రికలలో వ్రాయుచుండినవారు ఆ ద్వారమున లోనికి వచ్చిరి. పాల్ కార్నెల్ తన మొదటి నవలను అట్టి అభిమాన పత్రికలో తాను పూర్వము వ్రాసిన కథనుండియే పెంచి రచించెను. మార్క్ గాటిస్ 1992 లో ఒక నవల వ్రాసెను. రసెల్ టి. డేవీస్ 1996 లో 'డామేజ్డ్ గూడ్స్' అను నవల వ్రాసెను. అందు పేదవారి వాటికలో నివసించు టైలర్ అను కుటుంబము కలదు. తొమ్మిదేండ్లకు టెలివిజనులో ఆయనే కథావళిని పునరుద్ధరించినప్పుడు పేదల వాటికనుండి బయలుదేరిన యువతి పేరు రోజ్ టైలర్. ఇది కాకతాళీయమని మేమనుకొనము.

ఈ నవలలను గూర్చి ఆ దినములలో అభిమానులు రెండు పక్షములై పోరాడిరి. టెలివిజనులో చూచిన కథనే కాగితముమీద చూడగోరినవారు ఒక పక్షము; కాగితము దొరికినది గనుక టెలివిజనుకు అందని చోట్లకు పోవలెననువారు రెండవ పక్షము. మన భాషలో చెప్పవలెనన్న సంప్రదాయులు, నవ్యులు. తెలుగు పత్రికలు చదువువారికి ఈ కలహపు రుచి క్రొత్తది కాదు. సంప్రదాయుల యాక్షేపణ ఏమన, ఈ నవలలు క్రూరములు, అశ్లీలములు, దీర్ఘములు. డాక్టరును తన సహచరులనే పావులుగా నడపు కుటిలునిగా చేసినవి. పిల్లలకు చదువనిచ్చుటకు వీలుగానివి. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కొందరు యువరచయితలు స్వాతంత్ర్యమనగా నెత్తురనియు పడకగదియనియు తలంచినట్లు కనబడును. పుస్తకములలో సగము మరచిపోదగినవి. కాని మరచిపోదగిన సగము ఏ సాహిత్యమున లేదు? ఆ క్షేత్రమునందే బెర్నిస్ సమ్మర్‌ఫీల్డ్ అను పాత్ర పుట్టినది. ఇరువదియారవ శతాబ్దపు పురావస్తు శాస్త్రజ్ఞురాలు. 1992 లో కార్నెల్ సృజించిన ఈమె డాక్టరు లేకుండనే నవలలకు నాయికయై, 1998 లో శ్రవ్యనాటకములకును నాయిక యైనది. ఒక్క క్షణమైనను టెలివిజనులో కనబడకయే ఇన్నేండ్లు బ్రతికిన ఆ స్త్రీని లెక్కలో లేనిదనుట ఎట్లు?

శ్రవ్యనాటకముల సంగతి యింకను చిత్రము. బిగ్ ఫినిష్ అను చిన్న సంస్థ బెర్నిస్ కథలతో ఆరంభించి, 1999 జూలైలో డాక్టరు పాత్ర ధరించిన పూర్వనటులనే మరల తెచ్చి నాటకము లాడించినది. ఆ సంస్థవారిలో కొందరు ఎనుబదులలోనే ఇంటికడ కూర్చుండి, అనుమతి లేకయే, క్యాసెట్లమీద ఇట్టి నాటకములను తయారుచేసి పంచుకొనినవారు. నికొలస్ బ్రిగ్స్ అట్టివారిలో నొకడు. నాడు వినోదమునకై డాలెక్కుల గొంతును అనుకరించిన ఆయన 2005 నుండి టెలివిజనులో వాని యసలు గొంతు. 1986 లో పదవినుండి తొలగింపబడిన కాలిన్ బేకర్‌కు టెలివిజనులో దక్కని మంచి రచన ఇచ్చట దక్కినది. ఆయన డాక్టరును ఈసడించినవారే ఈ నాటకములు విని అభిప్రాయము మార్చుకొనిరి. అభిమానుల తీర్పు మారునదనియు, మారుటకు కారణము శాఖయే కాగలదనియు దీనివలన తెలియుచున్నది.

అన్నిటికంటె పాల్ మెగాన్ ఉదంతము గొప్పది. 1996 లో ఒకేయొక చలనచిత్రమున ఆయన ఎనిమిదవ డాక్టరుగా కనబడెను. అది అమెరికాలో ఆదరణ పొందలేదు, కొనసాగలేదు. యజమాని లెక్కలో ఆ డాక్టరు ఆయుర్దాయము గంటన్నర. కాని నవలలలో 1997 నుండి 2005 వరకు డెబ్బదిమూడు పుస్తకముల పొడవున ఆయన జీవించెను. 2001 నుండి శ్రవ్యనాటకములలో మెగాన్ స్వయముగా ఆ పాత్రను పలికెను. 2013 లో, ఏబది యేండ్ల యుత్సవ సమయమున, ఏడు నిమిషముల చిన్న కథలో ఆ డాక్టరు మరణ దృశ్యమును చూపిరి. చావునకు ముందు ఆయన తన సహచరుల పేర్లను తలచుకొనెను. ఆ పేర్లన్నియు శ్రవ్యనాటకములలోని వారివే. వినికిడిచేత మాత్రమే వారిని ఎరిగిన అభిమానులు ఆ రాత్రి కంటతడి పెట్టిరనుటలో అతిశయోక్తి లేదు. పండ్రెండేండ్లు మాది లెక్కలోనిది కాదని విని విని యుండినవారు, ఇప్పుడు ముద్ర పడినదని సంతోషించిరి.

ఆ సంతోషము మాకు అర్థమగును. కాని ప్రశ్న యొకటి అడుగవలసియున్నది. ఆ ముద్ర పడక పూర్వము ఆ నాటకములకు ఏమి తక్కువ? విన్నప్పుడు నవ్విన నవ్వు, ఏడ్చిన యేడ్పు అబద్ధములా? ఆ ఐదు పేర్లను తలచుకొనుటవలన టెలివిజను కథకే గౌరవము హెచ్చినది. నాటకములకు క్రొత్తగా వచ్చినదేమియు లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన 2025 నాటి శాఖాకథకు మరల వత్తము. అందలి ముఖ్యపాత్రలలో కేట్ లెత్‌బ్రిడ్జ్ స్టూవర్ట్ ఒకతె. భూలోకరక్షణ చేయు సైనికశాఖకు అధినేత్రి. ఈమె ఎచ్చట పుట్టినది? బి. బి. సి. భవనమున కాదు. 1995 లో, కథావళి మూతపడియున్న కాలమున, రీల్‌టైమ్ పిక్చర్స్ అను చిన్న సంస్థవారు 'డౌన్‌టైమ్' అను వీడియో కథను తీసిరి. 1968 నాటి రచయితలిరువురు, మెర్విన్ హెయిస్‌మన్, హెన్రీ లింకన్, తమ హక్కులో నున్న బ్రిగేడియరు పాత్రను, మంచుకొండల యేతి భూతములను వాడుకొనుట కనుమతి యిచ్చిరి. డాక్టరు పేరు మాత్రము ఉచ్చరింపరాదు. పాత నటులు వచ్చి నటించిరి. మార్క్ ప్లాట్ రచన. అందు బ్రిగేడియరునకొక కూతురు కావలసివచ్చి కేట్ అను పాత్రను కల్పించిరి. అట్లు అభిమానుల చేతిఖర్చుతో పుట్టిన పిల్ల పదునేడేండ్లకు, 2012 లో, నటి మారి, జెమ్మా రెడ్‌గ్రేవ్ రూపమున టెలివిజనులో అడుగుపెట్టినది. ఆమెను తెచ్చిన రచయిత క్రిస్ చిబ్నల్. ఈయనయు అభిమానియే. 1986 లో, పదునారేండ్ల వయస్సున, బి. బి. సి. కార్యక్రమమందే కూర్చుండి ఆ యేటి కథలు బాగుగ లేవని రచయితల యెదుట కుండ బ్రద్దలు కొట్టినట్లు చెప్పిన బాలుడు; తరువాత 'టార్చ్‌వుడ్' అను శాఖాకథకు ప్రధాన రచయితయై, 2018 నుండి మూలకథకే సారథియైనవాడు. నాటి బాలుని విమర్శ లెక్కలోనికి వచ్చునా యని ఆనాడెవ్వరైన అడిగియుండిన ఏమి చెప్పియుందురో!

ఇంతకును 2005 లో కథావళి మరల లేచినప్పుడు దానిని లేపినవారెవరు? డేవీస్, కార్నెల్, గాటిస్, రాబర్ట్ షియర్‌మన్, తరువాత సారథ్యము వహించిన స్టీవెన్ మోఫట్. అందరును శాఖలయందు చేయి తిరిగినవారు. షియర్‌మన్ తన 2003 నాటి శ్రవ్యనాటకమునందలి బీజముతో 2005 లో 'డాలెక్' అను టెలివిజను కథను వ్రాసెను. పదవ డాక్టరుగా ప్రఖ్యాతినొందిన డేవిడ్ టెనెంట్ 2001 లోనే ఒక శ్రవ్యనాటకమున జర్మను సైనికుని పాత్ర పలికియుండెను. కార్నెల్ 1995 నాటి తన నవల 'హ్యూమన్ నేచర్'ను 2007 లో తానే టెలివిజనుకు మార్చి వ్రాసెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వము ఒక పాఠశాలలో, తానెవరో మరచి, సామాన్య మానవుడై ప్రేమించి, ఆ మానవత్వమును త్యజింపవలసివచ్చిన డాక్టరు కథ యది. ఈ కథావళి యంతటిలో అత్యుత్తమములైన రెండు మూడింటిలో అది యొకటియని మా యభిప్రాయము.

అప్పుడు కూడ కొందరు అభిమానులు చిక్కులో పడిరి. నవలలో అది ఏడవ డాక్టరునకు జరిగినది. టెలివిజనులో పదవవానికి జరిగినది. ఒకే సంగతి ఇరువురకు ఎట్లు జరుగును? కావున నవల రద్దయినదా? ఈ తర్కమును విన్నప్పుడు మాకు శశిరేఖ జ్ఞాపకము వచ్చును. వ్యాసభారతమున బలరామునకు శశిరేఖ యను కూతురు లేదు. అయినను 'మాయాబజారు' కథను నాటకశాలలలోను, 1957 నాటి చలనచిత్రమునందును చూచిన తెలుగువాడెవడును ఆమె ప్రామాణ్యము తేలువరకు పెండ్లిభోజనము ముట్టనని లేచిపోలేదు. కార్నెల్ మహాశయుడే 2007 లో ఒక వ్యాసమున, ఈ కథావళికి అధికారపూర్వకమైన ప్రామాణ్యసూచి యేదియు ఎన్నడును లేదని వాదించెను. అది సత్యము. బి. బి. సి. ఎన్నడును అట్టి జాబితా ప్రకటింపలేదు. లేని శాసనమునకు అభిమానులు తామే తలారులగుట విచిత్రము.

శాసనము నిజముగా ఉన్నచోట ఏమి జరిగినదో చూతము. 'స్టార్ వార్స్' కథావళికి 1991 లో తిమొతి జాన్ వ్రాసిన నవల మొదలుకొని వందలకొలది శాఖాగ్రంథములు పెరిగినవి. 2012 లో డిస్నీ సంస్థ ఆ కథావళిని కొనినది. 2014 ఏప్రిల్ 25 న, క్రొత్త చిత్రములకు దారి చేయుటకై, ఆ గ్రంథములన్నిటిని 'లెజెండ్స్' అను పేర వేరుపరచి, అవి యసలు చరిత్రలోనివి కావని ప్రకటించిరి. ఇరువదిమూడేండ్లుగా చదివినవారి చేతిలోని పుస్తకము ఒక్క ప్రకటనతో పుక్కిటి పురాణమైనది. మూడేండ్లు తిరుగకముందే, జాన్ సృజించిన థ్రాన్ అను సేనానిని ఆ సంస్థవారే 2016 లో తమ టెలివిజను కథకు మరల పిలిచికొనిరి. వెలివేసిన యింటినుండియే అల్లుని తెచ్చుకొన్నట్లయినది. వెలివేయుట దేనికి, పిలుచుట దేనికి?

అభిమానులు చేయునదంతయు ఒప్పని మేము చెప్పము. 'టార్చ్‌వుడ్' 2006 అక్టోబరులో ఆరంభమై, మొదట పెద్దలకని చెప్పుకొనుచు పిల్లచేష్టలు చేసినది. 2009 జూలైలో వరుసగా ఐదు రాత్రులు నడచిన 'చిల్డ్రన్ ఆఫ్ ఎర్త్' మాత్రము వేరు జాతిది. లోకములోని పిల్లలలో పదవ వంతును పరలోక భూతమునకు అప్పగింపవలసివచ్చినప్పుడు మంత్రులు బల్లచుట్టు కూర్చుండి ఎవరి పిల్లలను ఇత్తమని లెక్కలు వేయు ఘట్టమును చూచినవారు మరువలేరు. ఆ కథలో యాంటో జోన్స్ అను యువకుడు మరణించెను. అభిమానులు కోపించిరి. ఆతడు కథలో కాఫీ కాచి యిచ్చువాడు గనుక బి. బి. సి. కి కాఫీ పొట్లములు పంపిరి. అనాథబాలల నిధికి చందాలు పోగుచేసిరి. కార్డిఫ్ రేవుకడ ఒక గోడకు లేఖలు, పువ్వులు కట్టి స్మారకస్థలము చేసిరి. లేనివాని కొరకు ఇంత దుఃఖమా యని నవ్వువారు నవ్వవచ్చును. మాకు నవ్వు రాలేదు. కాని వారిలో కొందరు కథారచయితలను వ్యక్తిగతముగా దుర్భాషలాడిరి. అది అభిప్రాయము కాదు, అల్లరి. రచయిత చంపిన పాత్రకై రచయితపై పగబట్టుటయు, యజమాని ముద్రలేని కథను చదువనని మొండికెత్తుటయు ఒక్క చెట్టు కాయలే. రెండింటను కథ తమకు చెందవలసిన వస్తువనియే గాని, అనుభవింపవలసిన రసమను భావము లేదు. 2015 నుండి వచ్చిన శ్రవ్యనాటకములలో, మరణమునకు పూర్వపు కథలుగా, యాంటో మరల పలికెను. దుర్భాషలు చేయలేని పనిని శాఖకు పుట్టిన ఉపశాఖ చేసినది. అమెరికా సంస్థతో కలసి 2011 లో తీసిన 'మిరకిల్ డే' పది భాగములు సాగినది. ఐదు రాత్రులకు చాలిన పిండిని పదిదినముల రొట్టెకు సాగదీసినట్లుండినది.

పిల్లలకని తీసిన 'సారా జేన్' కథలే పెద్దల 'టార్చ్‌వుడ్' కంటె బుద్ధికి పెద్దవని చాలమంది అభిమానులు చెప్పుదురు; మేమును ఆ పక్షమే. 1973 లో డాక్టరు సహచరిగా వచ్చిన ఎలిజబెత్ స్లాడెన్ 2007 నుండి వానికి నాయిక. 2011 ఏప్రిల్ 19 న ఆమె మరణముతో అవి ఆగిపోయినవి. ఆ స్థానమున వేరొక నటిని పెట్టుటకు ఎవరును తలపెట్టలేదు. కథానాయకుని శరీరమును మార్చుటయే ధర్మముగా గల కథావళిలో అది తగిన మర్యాద. 2016 నాటి 'క్లాస్' ఎనిమిది భాగములతో ముగిసినది. అందు కథ నడచిన పాఠశాల 1963 నాటి మొదటి భాగములోనిదే యైనను దానికి ఆయువు చాలలేదు. వంశము ఎంత ప్రాచీనమైనను పిలకకు ఎండ తగులవలెను గదా.

శాఖలు మితిమీరినవను ఫిర్యాదు ఒకటి కలదు. దానిని త్రోసివేయుట న్యాయము కాదు. క్రొత్తగా వచ్చిన పాఠకునకు మొదటి మెట్టు ఏదో తెలియదు. అన్నియు కొనుటకు సామాన్యుని ఆదాయము చాలదు. 2020 లో 'టైమ్ లార్డ్ విక్టోరియస్' పేర బి. బి. సి. యే ఒక్క కథను నవలలుగను, శ్రవ్యనాటకములుగను, బొమ్మల కథలుగను ముక్కలు చేసి వేర్వేరు అంగళ్ల నమ్మించినది. కథ తెలియవలెనన్న అన్ని యంగళ్లకు పోవలెను. ఇది శాఖ కాదు, సంతపన్ను. అరటితోటలో లేచిన పిలకలనన్నిటిని ఉంచినను తోట పాడగునని రైతెరుగును. కాని ఏ పిలకను తీసివేయవలెనో కాపు చూచి నిర్ణయించునే గాని, దానికి పట్టా కలదా యని చూడడు. నచ్చని కథను అభిమానులు నచ్చలేదని చెప్పుదురుగాక. లెక్కలోనిది కాదని చెప్పుట చదువకుండుటకు సాకు.

ఈ వాదమునకు నేడు ప్రయోజనము కలదు. డిస్నీ పొత్తు పోయినది. ప్రధానకథకు ఒక్క పండుగ కథ తప్ప వేరు మాట స్థిరపడలేదు. 1989 తో ఈ స్థితిని పోల్చువారిని మేము పూర్తిగా సమర్థింపము; నాడు మౌనము, నేడు కనీసము ఒక వాగ్దానము కలదు. అయినను నాటి పదునారేండ్ల ఎడారిని దాటించిన ఒంటెలు ఏవో మరువరాదు. వర్జిన్ సంపాదకుడు తెరచినట్టి ద్వారము నేడు లేదు. పేరులేనివారి వ్రాతప్రతిని చదువుదుమని చెప్పు ప్రచురణాలయమునకు అనుజ్ఞ నొసగుట బి. బి. సి. చేతిలోని పని. అందుకు అమెరికా ధనము అక్కరలేదు.

ఇంకొకటి. ఆ అరువదియొక్క నవలలలో అధికభాగము 1990 లలో అచ్చుపడిన పిమ్మట మరల అచ్చుకు నోచుకొనలేదు. కొన్నింటి పాతప్రతులు మొదటి వెలకు ఎన్నో రెట్లకు అమ్ముడుపోవుచున్నవి. డాక్టరు సంస్థది, కొన్ని పాత్రలు రచయితలవి గనుక హక్కులు చిక్కుపడినవని చెప్పవచ్చును. 1995 లో చేతిలో కాసులు లేని వీడియో సంస్థ ఇట్టి చిక్కునే ఇద్దరు రచయితలను అడిగి విప్పుకొనినది. అంత పెద్ద సంస్థకు అడుగుట కష్టము కాదు. అభిమానులు తమ కాఫీ పొట్లములను ఈసారి ఆ కోరికతో పంపినచో మేము సంతోషింతుము.